మంచం కోళ్ళ గీతలు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ సినిమా రెండుసార్లు చూశాను. బెంగళూరు మారతహళ్ళిలో ఓ అద్దె ఇల్లు, ఇద్దరు తెలుగు కుర్రాళ్ళు, ఒకరి మీద ఒకరికి ప్రేమ. అప్పోసప్పో చేసి ఇంతదూరం లాక్కొచ్చావు, సంతోషం. కానీ సినిమా నిలబడలేదు. బడ్జెట్ లేక అలా అయిందన్నావు. నాకలా అనిపించలేదు బాబూ, లోపం రాతలో ఉంది.

అమ్మ అనంతపురంలో బస్సెక్కిందని తెలిసి, కలిపి వేసుకున్న మంచాలను ఇద్దరూ విడదీసే సీను ఉంది చూడు. కోళ్ళు లాగినచోట గచ్చు మీద గీతలు పడ్డాయి. ఒకడు తడిగుడ్డతో తుడుస్తున్నాడు, అవి పోవడం లేదు. అక్కడ ఒక్క మాట లేదు. నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. వెంటనే కట్ చేసి, ఇద్దర్నీ బాల్కనీలో నిలబెట్టి సమాజం గురించి ఉపన్యాసం చెప్పించావు. ఆ గీతలు అమ్మ కంట పడాలి కదా! చూసి, ఏమీ అడక్కుండా, సరిగ్గా వాటి మీదే చాప పరుచుకుని పడుకుంటే? ఆ రాత్రి ముగ్గురిలో ఎవరికి నిద్రపడుతుంది?

కొడుకు తండ్రికి 2018 సెప్టెంబర్ 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు అప్పజెబుతాడు. వయసొచ్చిన ఇద్దరు ఇష్టపడి కలిస్తే, ఇద్దరూ మగవాళ్ళయినా సరే, నేరం కాదని ఐదుగురు జడ్జీలూ ఒక్కమాటగా చెప్పిన రోజది. మరి ఆ రోజు వీడెక్కడున్నాడు? ఆఫీసు క్యాబ్‌లో వార్త చదివి, పక్కవాడికి కనబడకుండా ఫోన్ ఆర్పేశాడా? అది రాయి. తండ్రి కూడా అరవడానికే పుట్టినట్టున్నాడు. కూతురి సంబంధం తప్పిపోతుందన్న భయం ఆయనకూ ఉండొచ్చుగా.

సౌండ్ సంగతి. రింగ్ రోడ్డు హారన్లు సగం మాటల్ని మింగేశాయి. కిటికీలు మూసి, ఫ్యాన్, ఫ్రిజ్ ఆపి తీయి. ఖాళీ గది శబ్దం ఒక నిమిషం విడిగా రికార్డు చేసుకుంటే ఎడిటింగ్‌లో అతుకులు తెలియవు. దీనికి పైసా ఖర్చు లేదు.

చివర్లో ఆ కొడుకుని చంపేశావు. కథ ఎటు పోవాలో తోచక చంపావనిపించింది. ఇలాంటి సినిమాని ఏ పీజీ గదిలోనో ఒక కుర్రాడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, తలుపు గడియ వేసుకుని ఒక్కడే చూస్తాడు. ప్రతి సినిమాలోనూ తనలాంటివాడు చావడమే చూసుంటాడు. వాడి ముఖం గుర్తుపెట్టుకుని ఆ చివరి పేజీ మళ్ళీ రాయి.

ఆదివారం పొద్దున్నే ఇంటికొచ్చెయ్. స్క్రిప్టు ప్రింటు తీసుకురా. మంచాల సీను దగ్గర మొదలుపెడదాం.