కాంక్రీటు పడక ముందే అడుగు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

సైటులో చేరిన కొత్తలో ఏం అడిగినా చెల్లుతుంది. ఏడాది దాటాక అవే అడగాలంటే మొహమాటం. కాబట్టి ఇప్పుడే అడిగెయ్.

“అంతా ఓకేనా మేస్త్రీ గారూ?” అని మాత్రం అడక్కు. “ఓకే సార్” అనేస్తారు, అక్కడితో సరి. జవాబులో అంకె వచ్చేలా అడగాలి. “స్లాబు కింద కవర్ ఎంత పెట్టారు? బీముకెంత?” కవర్ అంటే ఇనుముని కప్పి ఉండే కాంక్రీటు మందం. మామూలు ఇళ్లకి స్లాబుకి 20, బీముకి 25, కాలమ్‌కి 40 మిల్లీమీటర్లు. విన్నాక టేపు పెట్టి చూడు.

సజ్జ, బాల్కనీ దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగు. మెయిన్ రాడ్డు అక్కడ పైనెందుకుందో రాడ్ బెండర్‌నే అడుగు. గోడలోంచి బయటికి చాచిన స్లాబు బరువుకి కిందికి వంగుతుంది, అప్పుడు సాగేది పైభాగం. ఇనుము ఉండాల్సింది అక్కడే. “కుర్చీలు ఎంత దూరానికొకటి?” అన్నది అసలు ప్రశ్న. కుర్చీలంటే పై రాడ్డుని ఎత్తి పట్టుకునే వంచిన ఇనుప ముక్కలు. మీటరు దాటితే మధ్యలో ఇంకొకటి వేయించు. లేదంటే కాంక్రీటు మోసేవాళ్లు తొక్కితొక్కి రాడ్డు అడుక్కి దిగిపోతుంది. కాంక్రీటు పడ్డాక పైకి ఏమీ కనపడదు. సెంట్రింగు విప్పిన రోజున సజ్జ కూడా దాంతోపాటే రావచ్చు.

మిక్సరు దగ్గర, “ఈ బకెట్‌లో ఎన్ని లీటర్లు పడతాయి?” అని అడుగు. నవ్వితే నవ్వనీ. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపే ఎం20 రకం కాంక్రీటులో బస్తా సిమెంటుకి నీళ్లు 30 లీటర్లు దాటొద్దని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. తడి ఇసుకలో ఉన్న నీళ్లూ అందులోకే వస్తాయి. అయినా నీళ్లు ఎక్కువ పోస్తున్నారంటే కసరక్కు, కారణం అడుగు. బీములో రాడ్లు ఇరుకై కంకర దిగకపోతే మాలు పల్చన చేస్తారు. దానికి మందు కాంక్రీటుని అదిరించి కిందికి దించే వైబ్రేటరు, నీళ్లు కాదు.

కూలీల ముందు మేస్త్రీని నిలదీయొద్దు. ముందు రోజు సాయంత్రం, టీ టైములో, డ్రాయింగు చేతిలో పెట్టుకుని అడుగు. స్లాబు పోసే పొద్దున ఎవరికీ జవాబు చెప్పే తీరిక ఉండదు. డిజైనర్‌కైతే ఫోటో తీసి, బీము నంబరు రాసి, ఒక్కో ప్రశ్నే పంపు. నాలుగు కలిపి పంపితే ఒకదానికే జవాబొస్తుంది.

స్లాబుని కింద నుంచి మోసే జాకీలు ఎప్పుడు తీస్తారో కూడా ముందే అడిగి రాసుకో. ఓపీసీ, అంటే మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు అయితే, గోడలు లేదా బీముల మధ్య దూరం 4.5 మీటర్ల లోపున్న స్లాబుకి కనీసం 7 రోజులు, దాటితే 14. పీపీసీ, అంటే బూడిద లాంటివి కలిపిన పోజొలానా సిమెంటు అయితే, డిజైనర్ చెప్పందే జాకీ కదపనివ్వకు. ఏ సిమెంటో బస్తా మీదే ఉంటుంది, చదువు.

మీ మామయ్య