పాలిష్‌కి ఇచ్చిన కారు పాడై వస్తే

చి. అమ్మలుకు,

పాలిష్ చేయించి తెచ్చుకున్న కారు ఫోటోలు నువ్వు పంపినవి పెద్దవి చేసి మరీ చూశాను. బానెట్ అంచున మసకబారిన ఆ మచ్చా, దాని చుట్టూ గుండ్రంగా తిరిగిన సన్న గీతలూ కొమ్మ రాసుకుంటే పడేవి కావు. పాలిష్ మిషన్‌ని ఒకేచోట ఎక్కువసేపు ఆనించి ఉంచితే రంగు పైనుండే పారదర్శకమైన పొర, క్లియర్ కోట్ అంటారు, అది అరిగిపోయి అలా అవుతుంది. ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా పనిచేసిన రోజుల్లో ఇలాంటి బానెట్లు ఎన్నో చూశాను. కాబట్టి పాలిష్ షాపువాళ్లు "ఇది ముందే ఉంది మేడమ్" అన్నారని నువ్వు వెనక్కి తగ్గకు.

మచ్చ మీద కాసిని నీళ్లు చల్లి చూడు. తడిగా ఉన్నంతసేపు గీత కనపడకుండా పోతే అది పైపొరలోనే ఉన్నట్టు. గోటిని అడ్డంగా లాగినప్పుడు ఎక్కడైనా తట్టుకుంటే మాత్రం లోతుగా దిగిందని అర్థం, పెయింటు వేయించాల్సిందే. ఇది తెలియనివాళ్లకి "మళ్లీ తీసుకురండి, ఫ్రీగా రుద్ది ఇస్తాం" అని చెబుతారు, వాళ్లూ సంతోషంగా తీసుకెళ్తారు, మిగిలిన పొర కూడా పోతుంది. నువ్వు వెళ్లకు. ఎంత మర్యాదగా పిలిచినా ఆ కారు మళ్లీ వాళ్ల చేతికి ఇవ్వొద్దు.

ఈరోజే చేయాల్సిన పని ఇంకొకటుంది. వాళ్ల సీసీ కెమెరా రికార్డింగ్ భద్రపరచమని వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడుగు, ఎందుకంటే పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతూ ఉంటుంది. పొద్దున ఏటవాలు ఎండలో నంబర్ ప్లేటు దగ్గర మొదలుపెట్టి మచ్చ దాకా ఆపకుండా ఒకే వీడియో తియ్యి. బిల్లు, యూపీఐలో కట్టిన స్క్రీన్‌షాట్, వాళ్లతో నడిచిన మెసేజ్‌లు ఏదీ డిలీట్ చేయకు. ఈమధ్య ఏ పెళ్లికో వెళ్లినప్పుడు కారు ముందు నిలబడి దిగిన ఫోటో ఉంటే వెతుకు, బానెట్ అప్పటికి బాగానే ఉందనడానికి అదే సాక్ష్యం.

బిల్లు వెనక "డ్యామేజీకి మా బాధ్యత లేదు" అని అచ్చు వేశారన్నావు. అది చూసి చాలామంది అక్కడితో వదిలేస్తారు, నాకు బాధనిపించేది అదే. మన సొత్తు తన స్వాధీనంలోకి తీసుకున్నవాడు, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా దాన్ని చూడాలని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 151వ సెక్షనే చెబుతోంది. ఢిల్లీ తాజ్ మహల్ హోటల్లో 1998లో వాలే పార్కింగ్‌కి, అంటే హోటల్ సిబ్బందే తీసుకెళ్లి నిలపడానికి, ఇచ్చిన మారుతి జెన్ పోయిన కేసులో సుప్రీంకోర్టు 2019లో తీర్పిచ్చింది: కారు తాళంచెవి తీసుకున్నాక, ఓనర్ రిస్క్ అని టోకెన్ మీద రాసుకున్నంత మాత్రాన హోటల్ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని. అది దొంగతనం, నీది పెయింటు, కానీ సూత్రం ఒకటే.

నీ కారు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకో. నీది మెటాలిక్ రంగు కాబట్టి బానెట్ ఒక్కటే వేస్తే షేడ్ తేడా వస్తుంది, పక్క ఫెండర్లకి, అంటే ముందు చక్రాల మీది రేకులకి, కూడా రంగు కలపాలేమో అడిగి అదీ రాయించు. ఆ మొత్తం, పాలిష్‌కి కట్టిన డబ్బు, కారు షెడ్డులో ఉన్నన్నాళ్లు క్యాబ్ ఖర్చు అడుగు. అంతకు మించి కోపంతో పెంచి అడగకు, అడిగే ప్రతి రూపాయికీ కాగితం ఉండాలి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ జోలికి ఇప్పుడే వెళ్లకు, క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, పోతుంది, పైగా కొంత నీ చేతి నుంచే పెట్టుకోవాలి.

ఇవన్నీ జతచేసి, 15 రోజులు గడువిస్తూ షాపు ఓనర్ పేరున నోటీసు రాసి ఈమెయిల్, స్పీడ్ పోస్ట్ రెండింట్లోనూ పంపు. అన్నట్టు, మిషన్ పట్టుకున్న ఆ కుర్రాడి జీతంలో కోసి నీకిస్తామంటే ఒప్పుకోవద్దు. పని నేర్పకుండా మిషన్ చేతికిచ్చింది ఓనరు, జవాబు చెప్పాల్సిందీ ఆయనే. నోటీసులో ఆ మాట కూడా రాయి.

గడువు దాటినా పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చెయ్యి. వాళ్లు ఆదేశాలివ్వలేరు గానీ మధ్యలో ఉండి మాట్లాడతారు, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నువ్వుండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో దాఖలు చేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు, సేవకి కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 2 ఏళ్ల లోపు వేయాలి. తీర్పుకి మాత్రం టైం పడుతుంది, అందుకే మధ్యలో సబబైన మొత్తం ఇస్తామంటే తీసుకో. డబ్బు ఖాతాలో పడ్డాకే ఇక అడిగేదేమీ లేదని ఒప్పుకునే "ఫుల్ అండ్ ఫైనల్" కాగితం మీద సంతకం పెట్టు.

ఎస్టిమేట్ రాగానే నాకు పంపు, నోటీసు డ్రాఫ్ట్ నేను చూసి పెడతాను.

మీ పెదనాన్న