ముందు తివాచీని చూడు, తర్వాత మిషన్ కొను

పాపా,

హాల్లో ఏలూరు తివాచీ పరిచినావని, దానికి బ్యాగు లేని (దుమ్ము సంచిలోకి కాకుండా డబ్బాలోకి పోయే), నిలబడి తోసే వాక్యూమ్ క్లీనర్ కొనాలని, ఏది కొంటే తివాచీ పాడవకుండా ఉంటుందో చెప్పమని అడిగినావు కదా. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నా. షాపుకు పోయేముందు ఇంకోసారి చదువుకో.

మేము కడపలో ఇల్లు కట్టిన కొత్తలో మీ పెద్దనాయన ఒక మిషన్ తెచ్చినాడు. షాపతను చెప్పిందల్లా వాట్లే, ఇన్ని వాట్లు, అంత పవర్ అని. దాని అడుగున తిరిగే బ్రష్‌ను ఆపడానికి స్విచ్చే లేదని ఇంటికి తెచ్చినాక తెలిసింది. మొదటి రోజే తివాచీ అంచు కుచ్చులను లోపలికి లాగేసింది, నేను ప్లగ్గు పీకేలోపు బెల్టు కాలిన వాసన వచ్చింది, రెండు చోట్ల అల్లిక ఊడింది. మేడ మీది గదిలో ఇంకో రకం కార్పెట్ ఉండేది, పైన దారం కత్తిరించకుండా చిన్న చిన్న చుట్లలాగా ఉంటుందే, అది. అందులో ఒక చుట్టు బ్రష్‌కు తగులుకొని, స్వెటర్ ఊడినట్టు జానెడు పొడవున దారం లేచిపోయింది. ఆ గీత ఇప్పటికీ అట్లే ఉంది. చూసినప్పుడల్లా నాకు బాధే.

అందుకే చెబుతున్నా, తివాచీని పాడుచేసేది ఎక్కువగా ఆ తిరిగే బ్రష్షే. నిలువు మిషన్లలో మోటారు ఒక రోలర్‌ను గిరగిరా తిప్పుతుంది, అది పోగుల మధ్యలో ఉన్న మట్టిని కదిలిస్తుంది, గాలి దాన్ని పైకి లాగుతుంది. కత్తిరించిన పోగుల తివాచీకి ఇది పనికొచ్చేదే, నీ ఏలూరుది ఆ రకమే, ఉన్నిది. కానీ బ్రష్ మెత్తగా ఉండాలి, తివాచీకి తగినట్టు బ్రష్ ఉన్న తలను పైకీ కిందికీ జరుపుకునే వీలుండాలి, అన్నిటికన్నా ముందు బ్రష్‌ను ఆపే స్విచ్ ఉండాలి. ఈ స్విచ్ లేని మిషన్‌ను ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు. కుచ్చుల దగ్గరికి వచ్చినప్పుడు బ్రష్ ఆపేసి, ఇంకా మంచిదంటే మిషన్ పక్కనపెట్టి, గొట్టానికి చిన్న మూతి తగిలించి అంచు వెంబడి చేత్తో లాగు. చుట్ల కార్పెట్, పట్టు, పట్టులాగా మెరిసే విస్కోస్ రకాల మీద బ్రష్ అసలు తిప్పకూడదు, ఒట్టి గాలే చాలు. జంపఖానాలకైతే ఈ మిషనే వద్దు, మేడ మీదికి తీసుకుపోయి దులిపితే సరిపోతుంది.

పాడవుతుందేమోనని భయపడి అసలు శుభ్రం చేయకుండా మాత్రం ఉండొద్దు, అది ఇంకా పెద్ద తప్పు. మీ అనంతపురంలో ఆషాఢం గాలులకు ఎర్రమట్టి ఎట్లా లేస్తుందో నీకు తెలుసు, రామగిరి వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ మట్టిలో సన్నని ఇసుక ఉంటుంది, అది పోగుల మొదట్లోకి దిగి, మనం నడిచినప్పుడల్లా ఆకురాయి రాసినట్టు దారాన్ని కోస్తుంది. పైకి తివాచీ బాగానే కనిపిస్తుంది, కొన్నేళ్లకు నడిచే దారి పొడుగునా పలుచబడుతుంది. వారానికి రెండుసార్లు నెమ్మదిగా, పోగులు వాలిన వైపే తోస్తే చాలు. ఒకేచోట నిలబెట్టి బ్రష్ తిప్పొద్దు. కొత్త ఉన్ని తివాచీ కదా, మొదటి కొన్ని నెలలు డబ్బాలో నూగు ముద్దలు ముద్దలుగా వస్తుంది, దానికి టెన్షన్ పడకు, అది మామూలే. పొడుగు దారాలు వస్తే మాత్రం ఆపేసి చూడు.

గాలి లాగుడు గట్టిగా ఉంటే మంచిదే అనుకుంటారు అందరూ. మరీ గట్టిగా ఉంటే మూతి తివాచీకి అతుక్కుపోతుంది, తోయడానికి చెయ్యి నొప్పి పుడుతుంది, బ్రష్ పోగుల్లోకి ఇంకా గట్టిగా దిగుతుంది. అందుకని లాగుడు తగ్గించుకునే మీట గానీ, పిడి దగ్గర గాలి కన్నం గానీ ఉందా చూడు. వాట్లు చూసి మోసపోవద్దు, అది మోటారు తినే కరెంటు లెక్క, శుభ్రం చేసే లెక్క కాదు. యూరప్‌లో 2017 నుంచి 900 వాట్లు దాటిన ఇంటి వాక్యూమ్‌లను అమ్మనివ్వడం లేదు, అక్కడివాళ్ల కార్పెట్లు మురికిగా ఏమీ లేవు కదా.

ఇక బ్యాగు లేనిది. మన ఊళ్లలో బ్యాగులు సులువుగా దొరకవు, కాబట్టి నీ ఆలోచన సరైనదే. లోపల గాలి సుడి తిరిగి, బరువు దుమ్ము డబ్బా గోడలకు కొట్టుకొని కిందపడుతుంది. జేమ్స్ డైసన్ అనే ఇంగ్లండ్ ఆయన రంపపు మిల్లులో పొట్టు పట్టే సుడి గొట్టం చూసి, 5,127 నమూనాలు చేసి దీన్ని ఇళ్లలోకి తెచ్చినాడు. అయినా సన్న దుమ్మంతా సుడిలో ఆగదు, ఫిల్టర్‌కు పోతుంది. అందుకే మనకు ఫిల్టర్ ముఖ్యం. కడిగి వాడుకునేది తీసుకో, మోటారుకు ముందొకటి, గాలి బయటికొచ్చే చోట హెపాది, అంటే చాలా సన్న దుమ్మును కూడా ఆపేది, ఇంకొకటి ఉంటే మంచిది. అల్లుడికి ఆయాసం ఉంది కదా, హెపా లేనిది వద్దే వద్దు. ఫిల్టర్ కడిగినాక పూర్తిగా 24 గంటలు ఆరాలి, తడిగా పెడితే వాసనొస్తుంది, మోటారు పోతుంది. అందుకే కొనేటప్పుడే రెండో ఫిల్టర్ జత అడిగి తీసుకో.

కొత్త ఇల్లు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నా. బండల పాలిష్ దుమ్ము, సిమెంటు, ముగ్గుపిండి, బూడిద, వీటిని ఈ మిషన్‌తో లాగొద్దు, ఫిల్టర్ ఒక్క పూటలో మూసుకుపోతుంది. బుడ్డల (వేరుశనగ) పొట్టు పడితే పరవాలేదు. డబ్బాను ఇంట్లో ఖాళీ చేయొద్దు, బయటికి తీసుకుపోయి, గాలికి వీపు పెట్టి నిలబడి, కవరు లోపలికి దించి మూత తెరువు. ఆ పని అల్లుడికి చెప్పకు, నువ్వే మూతికి గుడ్డ కట్టుకొని చెయ్యి. మన జడల వెంట్రుకలు రోలర్‌కు చుట్టుకుంటాయి, నెలకోసారి ప్లగ్గు తీసి కత్తెరతో కోసెయ్యి.

మీ అన్న అమెరికా నుంచి తెస్తానన్నాడని రాసినావు. వద్దని చెప్పు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230, నేరుగా పెడితే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలంటే అంత మోటారుకు తగినది ఇటుకలాగా బరువుంటుంది, ఖర్చూ దండుగే. బెల్టు తెగితే ఇక్కడ ఎవరిస్తారు?

మన షాపుల్లో నిలువు మిషన్లు తక్కువే, ఎక్కువగా చక్రాల డబ్బావీ, వైరు లేని కర్రలాంటివీ పెడతారు. పైన చెప్పినవన్నీ ఉంటే కర్ర రకం కూడా తీసుకోవచ్చు, బరువు తక్కువ, మెట్లకు సులువు. ఏదైనా సరే, బెల్టూ ఫిల్టరూ అనంతపురంలోనే దొరుకుతాయా, బాగుచేసే మనిషి ఊళ్లో ఉన్నాడా అని అడుగు. డబ్బు కట్టకముందే ఇంటికొచ్చి చూపించమను, సోఫా కింద కనపడని మూలలో తిప్పించు, బ్రష్ ఆపి ఒకసారి, తిప్పి ఒకసారి. పోగులు నలిగినాయా, నూగు లేచిందా వేలితో తడిమి చూడు. వాళ్లొచ్చే రోజు ముందే చెబితే నేను పొద్దున బస్సుకే బయలుదేరి వస్తా, కుచ్చుల దగ్గర ఎట్లా తిప్పాలో నేనే చూపిస్తా.

మీ పెద్దమ్మ