టెక్ సందేహాలు: కొత్త ఫోను తర్వాత, ముందు కాగితం

పర్లాకిమిడి నుంచి డిగ్రీ విద్యార్థిని: ఒక పేపరుకు బదులు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక ‘స్వయం’లో ఐఐటీల వాళ్లు చెప్పే ఎన్‌పీటీఈఎల్ కోర్సు చేయవచ్చని మా లెక్చరర్ అన్నారు. ఇంట్లో సిగ్నల్ అంతంత మాత్రం, వీడియో ఆగి ఆగి వస్తుంది. నాన్నగారు ఫైవ్‌జీ ఫోను కొంటానంటున్నారు. ఏది కొనమంటారు?

ఏదీ కొనవద్దమ్మా. టవరు అందని ఇంట్లో ఎంత ఖరీదైన ఫోనైనా చేసేదేమీ ఉండదు. పైగా అవి రికార్డు చేసి పెట్టిన పాఠాలు, ఫలానా గంటకే చూడాలని లేదు. ఎన్‌పీటీఈఎల్ సైటులో వీడియోలతో పాటు చాలా కోర్సులకు ప్రొఫెసర్ చెప్పిన పాఠమంతా అచ్చులో ఉన్న పీడీఎఫ్‌లు దొరుకుతాయి. కొన్నింటికి తెలుగులో కూడా ఉన్నాయి. కాలేజీ వైఫైలో వారానికి సరిపడా దింపుకోండి. ముందు పీడీఎఫ్ చదివి, మింగుడుపడని చోట మాత్రమే వీడియో చూడండి. డేటా మిగులుతుంది, నన్నడిగితే చదువూ బాగా సాగుతుంది.

అసైన్‌మెంట్లకు నెట్ తప్పదు. 12 వారాల కోర్సులో మెరుగైన 8 అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. మొత్తం 40 వస్తే సరిపోదు. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా రావాలి. సిగ్నల్ దొరికిన రోజే జవాబులు పంపేయండి, గడువు లోపల మళ్లీ దిద్ది పంపుకోవచ్చు. పరీక్షకు దరఖాస్తు చేసేటప్పుడు ఊళ్ల జాబితాలో ఒడిశా వైపే కాక ఆంధ్ర వైపు కూడా చూడండి. పాతపట్నం దాటితే శ్రీకాకుళం దారే కదా!

ఇవన్నీ చిన్న చిక్కులు. పెద్దది కాలేజీ ఆఫీసులో ఉంది. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో 40 శాతం కోర్సుల దాకా స్వయంలో చేయనివ్వవచ్చు. కానీ ఏ కోర్సును ఏ పేపరుకు లెక్కించాలో విశ్వవిద్యాలయమే తేలుస్తుంది. ఫీజు కట్టకముందే ఆ మాట కాగితం మీద రాయించుకోండి. ‘చెయ్యమ్మా, తర్వాత చూద్దాం’ అన్న హామీ మార్కుల జాబితాలోకి ఎక్కదు.

ఇంకో సంగతి, పేరు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ తరచుగా పొడి అక్షరమే. ఒడిశా రికార్డుల్లో అది పూర్తిగా, చివరన ఉంటుంది. ఆధార్‌లో ‘కె. లక్ష్మి’, మెట్రిక్ సర్టిఫికెట్‌లో ‘లక్ష్మి కోరాడ’ అని ఉంటే క్రెడిట్లు జమయ్యే ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఖాతా దగ్గర పేచీ మొదలవుతుంది. ఆ ఖాతా తెరిచే డిజీలాకర్ ఆధార్ పేరునే తీసుకుంటుంది మరి. ఫోనుకు దాచిన డబ్బు అలాగే ఉంచి, ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి రండి.

మహారాష్ట్రలోని సిరొంచ నుంచి బి.ఏ. విద్యార్థి: కాలేజీ నుంచి వచ్చే మరాఠీ నోట్సు వర్డ్ ఫైళ్లు ఫోనులో తెరిస్తే అన్నీ ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు. ఫోను చెడిపోయిందా?

ఫోను నిక్షేపంగా ఉంది. నోట్సును కృతిదేవ్ లాంటి పాత ఫాంటులో టైపు చేసి ఉంటారు. ఫైలులో ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలే, ఫాంటు వాటికి మరాఠీ వేషం వేస్తుంది. మీ ఫోనులో ఆ ఫాంటు లేదు కాబట్టి వేషం ఊడిపోయింది. మన అను ఫాంట్లతోనూ, ఒడియా ఆకృతి ఫాంట్లతోనూ ఇదే తంతు. పీడీఎఫ్‌గా మార్చి పంపమని అడగండి. మరాఠీ రాసే దేవనాగరికి, అన్ని ఫోన్లూ చదివే అక్షర సంకేతాల పద్ధతి అయిన యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది, ఇంకా ఈ అవస్థ ఏమిటో!

బరంపురం నుంచి అధ్యాపకుడు: విద్యార్థులు చాట్‌జీపీటీతో రాయించిన వ్యాసాలు ఇస్తున్నారు. పట్టుకునే మంచి సాఫ్ట్‌వేర్ చెప్పండి.

చెప్పను మాస్టారూ. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐయే తన పసిగట్టే పరికరాన్ని, కచ్చితత్వం చాలదని 2023 జులైలో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివారు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవేనని ఇలాంటి పరికరాలు తేల్చాయి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, క్లాసులో ఇంగ్లిష్‌గా పెరిగిన మీ పిల్లల మీద ఆ నింద పడితే వాళ్లు ఎలా రుజువు చేసుకుంటారు? వ్యాసం చేతికి రాగానే రచయితను పిలిచి, రెండో పేరాలో ఏం రాశావో తెలుగులోనో ఒడియాలోనో చెప్పమనండి. రాసినవాడు తడుముకుంటూనైనా చెబుతాడు, రాయించినవాడు నేల చూపులు చూస్తాడు.