ఏ వ్యాన్ కొనాలని అడిగారు, అది ఆగిపోయిన వారం ఇల్లెలా గడుస్తుందో రాయలేదు

ప్రశ్న: మేం డల్లస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. గ్రీన్ కార్డ్ వచ్చాక ఐటీ ఉద్యోగం మానేసి, మా ఆవిడ నడిపే కేటరింగ్‌లోకి పూర్తిగా దిగాను. వారాంతాల్లో రెండు మూడు ఫంక్షన్లు, ఒక్కోటి 150 నుంచి 250 మందికి. ఇన్నాళ్లూ మినీవ్యాన్‌తో నెట్టుకొచ్చాం. ఇప్పుడు 56,000 డాలర్లు పెట్టి కొత్త ఫోర్డ్ ట్రాన్సిట్ హై రూఫ్ కొనాలా, లేక 92 వేల మైళ్లు తిరిగిన 2019 షెవీ ఎక్స్‌ప్రెస్‌ని 21,500కి తీసుకోవాలా? సేవింగ్స్ 27,000 ఉంది. ట్రాన్సిట్ అయితే 16,000 మా డబ్బు, 20,000 ఇంటి మీద హెలాక్ (ఇల్లు తాకట్టు పెట్టి తీసుకునే అప్పు), మిగతా 20,000 ఒక కంపెనీ క్యాష్ అడ్వాన్స్‌గా ఇస్తానంటోంది. ఎక్స్‌ప్రెస్ అయితే మొత్తం క్యాష్. దోశ కౌంటర్ ట్రైలర్ కూడా లాగాలి. ఇంటి ఖర్చు నెలకు 5,400.

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఒకరు ట్రక్ అంటారు, ఒకరు దుకాణానికి ఫ్రీజర్ అంటారు, లెక్క మాత్రం ఒకటే. ఉన్న సేవింగ్స్‌లో చాలా భాగం బండిలో పోసేసి, నెల ఖర్చుకి వచ్చే ఆర్డర్ల మీద ఆధారపడటం. మీరు రాసిన రెండు దారుల్లోనూ అదే జరుగుతోంది. ట్రాన్సిట్ కొంటే చేతిలో 11,000 మిగులుతుంది, నెత్తిన 40,000 అప్పు ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ కొంటే అప్పు ఉండదు, కానీ మిగిలేది 5,500, అంటే ఇంచుమించు ఒక్క నెల ఖర్చు. పైగా ఇప్పుడు మీ ఇంట్లో జీతం తెచ్చేవాళ్లే లేరు. అంత పెద్ద ఉత్తరంలో ఎమర్జెన్సీ ఫండ్ అన్న మాట లేదు, ఇన్సూరెన్స్ అన్న మాట అసలే లేదు.

ముందు ఆ క్యాష్ అడ్వాన్స్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది చదవగానే నాకు గుండె ఆగినంత పనైంది. వడ్డీ శాతం చెప్పరు, 1.35 ఫ్యాక్టర్ అంటారు, అంటే తీసుకున్నదానికి 1.35 రెట్లు కట్టాలని. 20,000 తీసుకుంటే 27,000 కట్టాలి. తొమ్మిది నెలల్లో తీర్చాలంటే బ్యాంకు పనిచేసే ప్రతి రోజూ మీ అకౌంట్ నుంచి సుమారు 143 డాలర్లు లాగేసుకుంటారు, ఆ వారం ఫంక్షన్ ఉన్నా లేకపోయినా. తీసుకున్న అసలు రోజురోజుకీ తగ్గిపోతుంటుంది కాబట్టి, ఏడాది వడ్డీగా లెక్క కడితే 80 శాతం దాటుతుంది. ఇది వ్యాన్ కొనడానికి తీసుకునే అప్పు కాదండీ, ఏ వ్యాన్ కొనడానికీ కాదు. హెలాక్ వడ్డీ తక్కువే, కానీ అక్కడ తాకట్టు పెట్టేది పిల్లలు పడుకునే ఇల్లు. రోజురోజుకీ విలువ తగ్గే బండి కోసం ఇంటిని పూచీ పెట్టవద్దు.

ఇక వ్యాన్లు. అమెరికాలో పనివాళ్ల వ్యాన్ అంటే దశాబ్దాల పాటు ఎక్కువగా ఫోర్డ్ ఎకనోలైన్, షెవీలే. యూరప్ పద్ధతి వ్యాన్‌కి దారి వేసింది 2001లో వచ్చిన, మెర్సిడెస్ తయారుచేసిన స్ప్రింటర్. ఆ తర్వాత 2014 మోడల్‌గా ఫియట్ డుకాటో ఆధారంగా చేసిన రామ్ ప్రోమాస్టర్, 2015 మోడల్‌గా ట్రాన్సిట్ వచ్చాయి. ట్రాన్సిట్ రావడంతో ఫోర్డ్ తన పాత కార్గో వ్యాన్‌ని ఆపేసింది. ఎక్స్‌ప్రెస్ మాత్రం 1996 మోడల్‌తో మొదలైన రూపంలోనే దాదాపు అలాగే నడుస్తోంది, కింద నిచ్చెనలాంటి ఇనుప ఫ్రేమ్, ఒకే ఎత్తు రూఫ్.

పని సౌకర్యం ఒక్కటే చూస్తే ట్రాన్సిట్‌దే పైచేయి, ఇందులో నాకు అనుమానం లేదు. హై రూఫ్‌లో లోపలి ఎత్తు ఆరున్నర అడుగులు దాటుతుంది, మనిషి నిలబడి నడవొచ్చు. ఎక్స్‌ప్రెస్‌లో నాలుగున్నర అడుగులు కూడా ఉండదు. మూత మీద ఫాయిల్ చుట్టి తాడుతో బిగించిన సాంబారు డ్రమ్ముని నడుం వంచి వెనక తలుపు దాకా జరుపుకుంటూ రావాలి, అదీ శనివారానికి మూడుసార్లు. మీ శ్రీమతి నడుముకి ఇది చిన్న విషయం కాదు. ఇంజన్ కూడా సగం క్యాబిన్‌లోకి చొచ్చుకొచ్చి ఉంటుంది, పక్క సీట్లో కూర్చున్నవాళ్లకి కాళ్లు పెట్టుకునే చోటు తక్కువ. ట్రాన్సిట్‌లో పొడవైన హై రూఫ్ మోడల్ అయితే 480 ఘనపుటడుగుల పైన సరుకు పడుతుంది, పొట్టి ఎక్స్‌ప్రెస్‌లో దానికి సగమే. ట్రే బరువు తక్కువైనా చోటు తినేస్తుంది, కాబట్టి కేటరింగ్‌కి ఈ తేడా నిజంగా పనికొస్తుంది. ప్రోమాస్టర్ ముందు చక్రాలతో నడిచే బండి కాబట్టి దాని ఫ్లోర్ రెండడుగుల ఎత్తు కూడా ఉండదు, ఎక్కించడం దించడం తేలిక. ఏ వ్యాన్ అయినా వేడి వంటకాన్ని 135 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగనివ్వకూడదు, ఆ పని చేసేది ఇన్సులేటెడ్ బాక్సులు, రూఫ్ కాదు.

ట్రైలర్ లాగడం గురించి అంత ఆలోచించనక్కర్లేదు. వీ8 ఎక్స్‌ప్రెస్ 9 వేల పౌండ్ల పైన లాగుతుందని అమ్మేవాళ్లు చెప్తారు, అది నిజమే, కానీ మీ దోశ కౌంటర్ సామాన్లతో కలిపి 4 వేలు దాటదు. ట్రాన్సిట్ కూడా దాన్ని లాగేస్తుంది, ట్రైలర్ తగిలించే టో ప్యాకేజీ ఉంటే చాలు.

నేను ఎక్స్‌ప్రెస్ వైపు మొగ్గడానికి కారణం వేరే. అది పాడైతే వీధి చివరి మెకానిక్ కూడా చేస్తాడు, ఎన్నో ఏళ్లుగా ఒకే బండి కాబట్టి స్పేర్ పార్ట్ ప్రతి షాపులో దొరుకుతుంది. హై రూఫ్ యూరప్ వ్యాన్‌ని పైకి లేపే ఎత్తు అన్ని షెడ్లలో ఉండదు. డీజిల్ స్ప్రింటర్ అయితే దానికి తెలిసిన మెకానిక్‌ని వెతుక్కోవాలి, పార్ట్ కోసం ఆగాలి. అంటే ఏ వ్యాన్ కొంటున్నారన్న దాన్ని బట్టి మీ ఎమర్జెన్సీ ఫండ్ ఎంత ఉండాలన్నది కూడా మారుతుంది. ధర చూసేవాళ్లు, మైలేజీ చూసేవాళ్లు చాలామంది ఉన్నారు, బండి ఎన్ని రోజులు షెడ్‌లో ఉంటుందో, ఆ రోజులకి చేతిలో ఎంత ఉండాలో లెక్క వేసేవాళ్లు మాత్రం నాకు కనపడరు.

నా క్లయింట్ ఒకాయన, మీలాగే కేటరింగ్. శుక్రవారం సాయంత్రం హైవే మీద ట్రాన్స్‌మిషన్ పోయింది. మర్నాడు 220 మందికి ఓణీల ఫంక్షన్. బండిని లాగించడం, వారాంతపు రేటుకి అద్దె వ్యాన్, తర్వాత రిపేర్ బిల్లు 4,800. వ్యాన్ కొన్నప్పుడే సేవింగ్స్ ఖాళీ చేసుకున్నారు కాబట్టి మొత్తం క్రెడిట్ కార్డు మీద పెట్టారు. వ్యాన్ 11 రోజులు షెడ్‌లో ఉంది, రెండు ఆర్డర్లు వదులుకున్నారు, ఆ కార్డు బాకీ తీరడానికి ఏడాదిన్నర పట్టింది. పక్కన ఐదు వేలు ఉండి ఉంటే ఆ వారం టెన్షన్ పడేవాళ్లు, అంతటితో అయిపోయేది.

కాబట్టి ఎక్స్‌ప్రెస్ తీసుకోండి, కానీ మొత్తం క్యాష్ ఇవ్వకండి. ముందు మీకు నమ్మకమున్న మెకానిక్‌కి చూపించండి. 7,000 మీరు పెట్టి, 14,500 క్రెడిట్ యూనియన్‌లో (సభ్యులే యజమానులైన సహకార బ్యాంకు) 48 నెలలకి అప్పు తీసుకోండి. 8 శాతం వడ్డీ అనుకున్నా కిస్తు నెలకు 354 వస్తుంది, తాకట్టు వ్యాన్ మాత్రమే. చేతిలో 20,000 మిగులుతుంది. అందులో 16,200 మూడు నెలల ఇంటి ఖర్చు, దాన్ని వేరే బ్యాంకులో, డెబిట్ కార్డు లేని సేవింగ్స్ అకౌంట్‌లో పెట్టండి. మిగతా 3,800 వ్యాన్ పేరు మీద ఇంకో అకౌంట్. ప్రతి ఫంక్షన్ నుంచి 100 డాలర్లు అందులో వేస్తూ 5,000 దాటించండి, ఆ తర్వాత ఇంటి ఫండ్‌ని ఆరు నెలలకి పెంచండి. ఆ రెండూ నిండాక ట్రాన్సిట్ మాట ఎత్తండి, అప్పుడు నేనే సంతోషంగా లెక్క వేసిపెడతాను. అంతవరకు 250 మంది ఫంక్షన్ వచ్చిన రోజున హై రూఫ్ అద్దెకు తెచ్చుకుని, ఆ అద్దె బిల్లులో కలపండి.

ఇన్సూరెన్స్ దగ్గర నేను మొండివాణ్ణే. ఇంటి కారు పాలసీ మీద ఈ వ్యాన్ నడపకండి. ఫంక్షన్‌కి వెళ్తూ ఎవరినైనా గుద్దితే, వ్యాపారానికి వాడారని చెప్పి క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదం ఉంది, అప్పుడు మీ ఫండ్ మూడు నెలలు కాదు, మూడు రోజులు కూడా నిలవదు. కమర్షియల్ ఆటో పాలసీ తీసుకోండి. టెక్సస్‌లో కనీస లయబిలిటీ, అంటే ఎదుటివాళ్ల నష్టానికి ఉండాల్సిన కవర్, ఒక మనిషి గాయానికి 30,000, మొత్తం గాయాలకి 60,000, ఆస్తి నష్టానికి 25,000. ఆసుపత్రి బిల్లు ముందు ఇది ఏ మూలకీ చాలదు, మిలియన్ డాలర్ల కవర్‌కి ప్రీమియం ఎంతో కోట్ అడగండి. పెద్ద హాళ్లు, హోటళ్లు ఎలాగూ ఇన్సూరెన్స్ ఉన్నట్టు సర్టిఫికెట్ చూపించమంటాయి. వ్యాన్‌లో ఉండే బర్నర్లు, గిన్నెలు, బాక్సులు ఆటో పాలసీ కిందికి రావు, వాటికి వేరే కవర్ కావాలి. కేటరింగ్ నడిపేది మీ శ్రీమతే కాబట్టి, జబ్బో గాయమో అయి పని చేయలేకపోతే డబ్బిచ్చే డిసెబిలిటీ ఇన్సూరెన్స్‌కి ఆమె పేరు మీద కోట్ కూడా ఈ నెలలోనే తీసుకోండి. వ్యాన్ తాళాలు తీసుకునే ముందే ఈ ప్రీమియంలన్నీ నెల లెక్కలో రాసుకోండి.

ట్యాక్స్ గురించి ఒక్క మాట. సెక్షన్ 179 అనే ట్యాక్స్ నియమం కింద బండి ధరని కొన్న ఏడాదే వ్యాపార ఖర్చుగా రాయించుకోవచ్చని డీలర్ చెప్పే ఉంటాడు. పాత వ్యాన్‌కి కూడా అది వర్తిస్తుంది, పైగా ఆ ఏడాది మీ వ్యాపార లాభం, జీతాలు కలిపిన మొత్తం కన్నా ఎక్కువ దాని కింద తీసుకోలేరు. ట్యాక్స్ మిగులుతుందని 56,000 ఖర్చు పెట్టకండి. ఇంకొకటి, హై రూఫ్ ఎత్తు తొమ్మిదడుగుల పైమాటే, ఏడడుగుల గ్యారేజీ తలుపులో పట్టదు. మీ కాలనీ హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఇంటి ముందు కమర్షియల్ బండి నిలపనిస్తుందో లేదో ఎక్స్‌ప్రెస్‌కైనా ముందే అడగండి.

ఆ క్యాష్ అడ్వాన్స్ కాగితాల మీద ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే, డబ్బు అకౌంట్‌లో పడకముందే, వద్దని ఈరోజే మెయిల్ పెట్టండి. కాపీ దాచుకోండి.