ఒడియా బడిలో తల్లిదండ్రుల సమావేశం: ఉన్న అయిదు నిమిషాలలో ఏమి అడగాలి?

మీ పాప రాయగడలో ఒడియా మాధ్యమంలో నాలుగవ తరగతి చదువుతోందనీ, సమావేశానికి వెళ్ళిన ప్రతిసారీ “బాగానే ఉంది, ఇంకొంచెం కష్టపడాలి” అన్న మాట విని అయిదు నిమిషాలలో తిరిగివస్తున్నారనీ, పైగా మీకు ఒడియా అంతంతమాత్రమేననీ వ్రాశారు. మేము శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగరీత్యా బరంపురం వచ్చి స్థిరపడిన వాళ్ళము. మా అబ్బాయి విషయంలో మొదటి రెండేళ్ళు మాకూ ఇదే జరిగింది.

మేము చేసిన పొరపాటు పిల్లవాడినే దుబాసీగా పెట్టుకోవడం. వాడి మూడవ తరగతిలో గురుమా (ఇక్కడ ఉపాధ్యాయినిని అలాగే పిలుస్తారు) చాలాసేపు ఏదో వివరంగా చెప్పగా, మా వాడు దానిని “చేతివ్రాత బాగుచేసుకోమన్నారు నాన్నా, అంతే” అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. పరీక్షలో ఒడియా మార్కులు చూసిన తరువాత గానీ ఆమె చెప్పినది చేతివ్రాత గురించి కాదని మాకు తెలియలేదు. తన మీద వచ్చిన ఫిర్యాదును తానే తండ్రికి అప్పచెప్పవలసి వస్తే ఎనిమిదేళ్ళ పిల్లవాడు మాత్రం ఏమి చేస్తాడు! అందుచేత ఒడియా బాగా వచ్చిన ఇరుగుపొరుగు వారిని ఎవరినైనా వెంట తీసుకువెళ్ళండి. ఎవరూ దొరకకపోతే వచ్చీరాని ఒడియాలోనే మొదలుపెట్టండి. మేము అలా మొదలుపెట్టాకనే ఆ గురుమాకు తెలుగు కొంత తెలుసునని బయటపడింది.

తరువాతి సమావేశానికి ప్రోగ్రెస్ కార్డును పక్కన పెట్టి, నోటు పుస్తకం పట్టుకువెళ్ళాను. ఎర్ర సిరా పడిన చోట వేలు పెట్టి “ఇక్కడ ఏమి తప్పు?” అని అడిగితే, ఆమె నాలుగు పేజీలు తిప్పి, తప్పులలో ఎక్కువ భాగం ఒకే రకానివని చూపించారు. మనకు “విడు”, “వీడు” అన్నప్పుడు తేడా చెవికే తెలుస్తుంది. ఒడియాలో ఇకారం, ఉకారం హ్రస్వమైనా దీర్ఘమైనా పలకడంలో ఒకేలా వినిపిస్తాయి, వ్రాతలో మాత్రం వేరువేరు గుర్తులు. చెవిని నమ్ముకుని వ్రాస్తున్న మా వాడు అక్కడే దెబ్బ తింటున్నాడన్న మాట. ఇంట్లో ఏమి చేయించాలని అడిగితే, పాఠంలోని అయిదు వాక్యాలను రోజూ ముందు చూచివ్రాయించి, తరువాత చెప్పి వ్రాయించమన్నారు. ఒడియా లిపి నాకు రాదు కనుక చెప్పే పని మేడమీది వారి అమ్మాయి చూసుకునేది, నేను పుస్తకం పక్కన పెట్టుకుని గుర్తులు పోల్చేవాడిని.

మీరు ఇలా అడగడం ఉపాధ్యాయులను విసిగించడం అవుతుందేమోనని సందేహించనవసరం లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు జరిపి, పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి తెలియజేయడం ఉపాధ్యాయుల విధులలో ఒకటి. అయితే వరుసలో వెనుక ఇంకా చాలామంది ఉంటారు కనుక ఒక్క విషయమే ఎంచుకుని వెళ్ళండి. లేచి వచ్చే ముందు, ఇంట్లో చేయించవలసిన పనిని నోటు పుస్తకం చివరి పేజీలో రెండు వాక్యాలలో వ్రాసి ఇమ్మని గురుమాను అడగండి. ఆ రెండు వాక్యాలను ఎవరితోనైనా చదివించుకోండి గానీ, పాపతో మాత్రం చదివించకండి.