సమాధానం: కక్తుగి (కొరియా ముల్లంగి ముక్కల కిమ్చీ) నీళ్లు కారి మెత్తబడుతోంది, ముల్లంగి తేడానా?

అవును, మీ చేతికొచ్చింది కొరియా ముల్లంగి ‘ము’ కాదు, జపాన్ ముల్లంగి ‘డైకాన్’ అయ్యుంటుంది.

పైభాగం పచ్చగా ఉందని ము అనుకున్నానన్నారు. చాలామంది పొరబడేది అక్కడే. జపాన్‌లో ఎక్కువగా అమ్మే ‘అఓకుబి’ డైకాన్‌కీ ఆ పచ్చ ఉంటుంది. ఆ పేరుకు అర్థమే ‘పచ్చ మెడ’. రంగు వదిలేసి ఆకారం చూడండి.

ము: పొట్టి, లావు, గట్టి కండ.
డైకాన్: పొడవు, సన్నం, నీరెక్కువ.

(కొట్లో ‘లువోబో’ అని రాసుంటే అది ముల్లంగికి చైనా వాళ్ల మామూలు పేరు, దాన్నిబట్టి రకం తేలదు.)

డైకానే దొరికితే:

1. 2 సెం.మీ. ముక్కలు కోయండి.
2. కిలోకు 20 గ్రాముల ఉప్పు పట్టించి గంట ఉంచండి.
3. ఊరిన నీరంతా వంపేయండి, ముక్కలు కడగొద్దు.
4. కారం ఆ తర్వాతే కలపండి.